‘ఇప్పిస్తాను’ అనే మాట: సర్పంచ్ అభ్యర్థుల కరపత్రాల మీద

కథ మీద విమర్శ రాస్తాం, కవిత మీద రాస్తాం, నవల అయితే సభ పెట్టి మరీ మాట్లాడుకుంటాం. సర్పంచ్ అభ్యర్థి కరపత్రం మీద మాత్రం ఎవరూ ఒక్క ముక్క రాయరు. అది సాహిత్యం కాదనుకుంటారు కాబోలు. కానీ మన తండాల్లో, గూడేల్లో పిల్లల పాఠ్యపుస్తకాలు తప్పిస్తే ఇంట్లో అచ్చు కాగితం కనిపించడమే తక్కువ. అలాంటి ఇండ్లకు 2025 డిసెంబరులో వారం పది రోజుల్లోనే కట్టలుగా కరపత్రాలు వచ్చాయి. చదువు వచ్చినవాళ్లు చదివారు. రానివాళ్లు బడిపిల్లలతో చదివించుకున్నారు. కొందరు మడతపెట్టి పాసుబుక్కుల సంచిలో దాచారు కూడా. ఇంతమంది శ్రద్ధగా చదివే తెలుగు రచన మన దగ్గర ఇంకొకటి లేదు. దానికి విమర్శ లేకపోతే ఎట్లా?

ఎల్లారెడ్డిపేట మండలంలో, 2016లో దాని నుంచి విడిపోయి సొంత మండలమైన వీర్నపల్లిలో మా చేతికి వచ్చిన కరపత్రాలను ముందేసుకుని కూర్చున్నాం. మేము ఉపాధ్యాయులం. ఎన్నికల డ్యూటీ మాది. సర్పంచ్‌కు గులాబీ రంగు బ్యాలెట్, వార్డు సభ్యుడికి తెల్ల బ్యాలెట్ మడిచి ఇచ్చే పని మాది. ఎవరికి ఓటేయాలో చెప్పడం మా పని కాదు. ఇక్కడ ఏ అభ్యర్థి పేరూ రాయం. గెలిచినవాళ్లా, ఓడినవాళ్లా అన్నదీ మాకు లెక్క కాదు. కాగితం మీద ఉన్న మాటనే చదువుతాం. తరగతిలో వాక్యం రాయించి కర్త ఎవరు, క్రియ ఏది అని పిల్లల్ని అడుగుతాం కదా, అదే ప్రశ్న కరపత్రాన్నీ అడుగుతాం.

కర్త ‘నేను’. ఇందులో వింత లేదు. క్రియ దగ్గరే ఆగాలి. ఇండ్లు ఇప్పిస్తాను. పింఛన్లు ఇప్పిస్తాను. రేషన్ కార్డులు ఇప్పిస్తాను. పోడు పట్టాలు ఇప్పిస్తాను. ఇస్తాను అనలేదు, ఇప్పిస్తాను అన్నాడు. వ్యాకరణంలో దీన్ని ప్రేరణార్థకం అంటాం. ఇచ్చేది ఇంకొకరు, నడుమ నిలబడి ఇప్పించేది నేను అని అర్థం. ఒక రకంగా అభ్యర్థి నిజమే చెప్పాడు. ఇల్లు మంజూరు చేసే అధికారం, పింఛను మంజూరు చేసే అధికారం సర్పంచ్‌కు లేవు. అవి మండలం మీదుగా జిల్లాకు, జిల్లా మీదుగా హైదరాబాదుకు పోయి రావాల్సినవి. తాను మధ్యవర్తినే అని ఆ క్రియ ఒప్పుకుంటోంది. చదివేవాళ్లం మనమే దాన్ని ‘ఇస్తాను’గా వింటున్నాం.

మరి సర్పంచ్ చేతిలో నిజంగా ఉన్న పనులేమిటి? తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం 2018లో వచ్చింది. తాగునీరు, పారిశుద్ధ్యం, మోరీలు, వీధి దీపాలు, ఊరి దారులు, నర్సరీ, మొక్కలు, శ్మశానం, ఇంటి పన్ను, ఊరి ఆస్తుల కాపలా ఇవన్నీ పంచాయతీ పనులు. నాటిన మొక్కల్లో నూటికి 85 బతకాలని కూడా ఆ చట్టంలోనే ఉంది. ఈ పనులకు ‘ఇప్పిస్తాను’ అక్కరలేదు, ‘చేస్తాం’ అనాలి. విచిత్రం ఏమంటే, తన చేతిలో ఉన్న పనుల గురించి కరపత్రం రెండు ముక్కల్లో ముగిస్తుంది, చేతిలో లేనివాటి గురించి పేజీ నింపుతుంది.

డబ్బు సంగతీ అంతే. నిధులు తెస్తాను అని ప్రతి అభ్యర్థీ రాశాడు. వచ్చే నిధి ఏ రూపంలో వస్తుందో రాసినవాళ్లు మాకు కనిపించలేదు. 2021-26 కాలపు 15వ ఆర్థిక సంఘం గ్రాంటులో నూటికి 60 రూపాయలు ముందే కట్టుబడి ఉండేవి. అందులో సగం పారిశుద్ధ్యానికి, సగం నీటికి. మిగిలిన 40 రూపాయల్లోనే ఊరు తన ఇష్టప్రకారం ఆలోచించుకోవాల్సి వచ్చేది. కొత్తగా పంచాయతీ అయిన చిన్న తండాకు ఇంటి పన్ను ఆదాయం ఎంత ఉంటుందో మనకు తెలుసు. కరెంటు బిల్లు, ట్రాక్టరు ఖర్చు, పారిశుద్ధ్య కార్మికుల జీతాలు పోను చేతిలో మిగిలేది చాలా తక్కువ. ఈ లెక్క తెలిసిన అభ్యర్థి హైమాస్ట్ లైట్లు, కమాను, సీసీ కెమెరాలు అని ఒకే పేజీలో రాయలేడు. తెలిసీ రాశాడంటే మనకు లెక్క రాదనుకున్నాడు.

ఇంకో లెక్క కూడా చెప్పుకోవాలి. 2024 ఫిబ్రవరి మొదట్లో పాత పాలకవర్గాల గడువు ముగిసింది. ఆ తరువాత దాదాపు రెండేళ్లు ఊళ్లను ప్రత్యేకాధికారులు నడిపించారు. ఎన్నికైన పాలకవర్గం లేని పంచాయతీకి ఆర్థిక సంఘం గ్రాంటు రాదు. అంతకుముందు పనిచేసిన సర్పంచుల్లో చాలామంది బిల్లులు రాక అప్పులపాలై హైదరాబాదు దాకా పోయి ఆందోళనలు చేశారు. అంటే ఈసారి పోటీ చేసినవాళ్లు ఖాళీ పెట్టెకు తాళంచెవి కోసం పోటీపడ్డారు. ఆ మాట ఒక్క కరపత్రంలోనైనా ఉంటుందేమోనని వెతికాం.

ఖాళీ పెట్టె సంగతి చెప్పని కరపత్రం ‘సొంత ఖర్చులతో’ అనే మాట మాత్రం దండిగా చెప్పింది. ఈ ఎన్నికల్లో మన జిల్లాలోనే కాదు, తెలంగాణ అంతటా వినబడ్డ మాట ఇది. ఆడపిల్ల పెళ్లికి పుస్తెమట్టెలు, చావు జరిగిన ఇంటికి దహన సంస్కారాల ఖర్చు, ఊరికి శవం పెట్టే ఫ్రీజరు, గుడికి విరాళం, మంచినీళ్ల ప్లాంటు. కోతుల బెడద తీరుస్తామన్న హామీ ఈసారి కొత్తగా చేరింది. అడవిలో పండ్ల చెట్లు పోయి కోతులు ఊరి మీద పడుతున్నాయి కాబట్టి అది నిజమైన బాధే, నవ్వాల్సింది కాదు. కొందరైతే హామీలను బాండ్ పేపర్ మీద రాసి సంతకం పెట్టి పంచారు. నెరవేర్చకపోతే దిగిపోతానన్నారు.

బాండ్ పేపరు చూడగానే మనవాళ్లకు నమ్మకం కుదురుతుంది. భూమి కాగితాల దగ్గర ఎన్నో తరాలు మోసపోయినవాళ్లం కాబట్టి స్టాంపు ఉన్న కాగితమంటే మనకు గౌరవం, భయం. కానీ ఆ బాండును ఎక్కడ చూపించి నిలదీయాలి? నిలదీసే చోటు ఒక్కటే, గ్రామసభ. బాండు రాసిన అభ్యర్థి గ్రామసభ ఎప్పుడు పెడతానో అందులో రాయలేదు.

సొంత ఖర్చుల లెక్క వేద్దాం. సర్పంచ్ గౌరవ వేతనం నెలకు 6,500 రూపాయలు. ఐదేళ్లకు 3,90,000. జనాభా 5,000 లోపు ఉన్న పంచాయతీలో అభ్యర్థి ఎన్నికల ఖర్చుకు పరిమితి 1,50,000. పరిమితికి లోబడే ఎన్నిక జరిగిందని నమ్మేవాళ్లు ఊళ్లో ఎవరైనా ఉన్నారా? ఉంటే వాళ్ల అమాయకత్వానికి దండం పెట్టాలి. దావత్‌లు, మందు, ఓటుకు పంచిన నోట్లు, దాని మీద పుస్తెమట్టెలు, ఫ్రీజరు. 3,90,000లో ఇవన్నీ ఇమడవు. ఇమడని సొమ్ము ఎక్కడో ఒకచోట నుంచి తిరిగి రావాలి. మానేరు వాగు ఇసుక నుంచి రావొచ్చు, ఊరి గుట్ట మొరం నుంచి రావొచ్చు, వేయని మోరీ బిల్లు నుంచి రావొచ్చు. ఏదైనా అది మన సొమ్మే.

దానం చేసేవాడిని ప్రశ్నించడం మన సంస్కారంలో లేదు. అన్నం పెట్టిన చేతిని లెక్క అడగం. అందుకే ‘సొంత ఖర్చు’ అనే మాట ఇంత ప్రమాదం. పన్ను కట్టినవాడికి అడిగే హక్కు ఉంటుంది, దానం పుచ్చుకున్నవాడికి ఉండదు. ఊరి వాళ్లను పౌరుల వరుసలోంచి తీసి లబ్ధిదారుల వరుసలో కూర్చోబెడుతుంది ఆ మాట. అభ్యర్థులదే తప్పనీ అనలేం. 2018 చట్టమే పంచాయతీలో ముగ్గురు కోఆప్టెడ్ సభ్యులను పెట్టుకోమని చెప్పి, అందులో ఒకరు విరాళం ఇచ్చిన దాత కావొచ్చు అంది. పాలకవర్గంలో దాతకు కుర్చీ వేసిన చట్టాన్ని చూసి అభ్యర్థి నేర్చుకోకుండా ఉంటాడా?

గ్రామసభ మాట వచ్చింది కాబట్టి అక్కడ కాసేపు నిలబడాలి. మా చేతికి వచ్చిన కరపత్రాల్లో ఆ మాట మాకు కనిపించలేదు. అభివృద్ధి ఉంది, ఆదర్శ గ్రామం ఉంది, మీ ఇంటి బిడ్డ ఉంది, ఒక్క అవకాశం ఉంది. గ్రామసభ లేదు. ఒక రచనలో ఏముందో చూడటం సగం విమర్శ, ఏది లేదో చూడటం మిగతా సగం.

చట్టం ప్రకారం రెండు నెలలకొకసారి గ్రామసభ జరగాలి. ఓటర్ల సంఖ్యను బట్టి ఇంతమంది హాజరు కావాలన్న కోరం ఉంది. వరుసగా సభలు పెట్టకపోతే సర్పంచ్ పదవికే ముప్పు. లెక్కలు అక్కడ చదవాలి, పనులు అక్కడ నిర్ణయించాలి, గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళిక అక్కడ ఒప్పుకోవాలి. చెక్కు మీద సర్పంచ్‌తో పాటు ఉపసర్పంచ్ కూడా సంతకం పెట్టాలి. ఇదంతా కాగితం మీద. నిజంగా జరిగేది ఏమంటే, రిజిస్టరు ఇంటింటికీ తిరుగుతుంది, సంతకాలు వస్తాయి, సభ అయిపోతుంది. జరగని సభకు ఆ రిజిస్టరు బడికి కూడా రావడం మేము చూశాం. టీచర్లు సంతకం పెడితే సభకు నిండుతనం వస్తుందట.

ఈ మధ్య గ్రామసభ అనే మాటకే మన దగ్గర అర్థం మారిపోయింది. 2023 డిసెంబరు 28 నుంచి 2024 జనవరి 6 వరకు ప్రజాపాలన సభలు జరిగాయి. అక్కడ మనం చేసింది దరఖాస్తులు ఇవ్వడం. 2025 జనవరి 21 నుంచి 24 వరకు మళ్లీ గ్రామసభలు జరిగాయి. అక్కడ చదివింది జాబితాలు, ఎవరికి రేషన్ కార్డు, ఎవరికి ఇల్లు, ఎవరికి భరోసా అని. పేరున్నవాళ్లు ఇంటికి పోయారు, పేరు లేనివాళ్లు గొడవ చేసి ఇంటికి పోయారు. రెండు సందర్భాల్లోనూ ఊరు ఏదీ నిర్ణయించలేదు. ఓటు వచ్చిన తరువాత ఈ సభలనే మొదట చూసిన మన యువకులకు గ్రామసభ అంటే దరఖాస్తు ఇచ్చే చోటు, జాబితా వినే చోటు. ఊరి బడ్జెట్‌ను చేతులెత్తి ఒప్పుకునే లేదా తిప్పికొట్టే చోటు అని వాళ్లకు ఎవరూ చూపించలేదు. ‘ఇప్పిస్తాను’ అనే క్రియ ఈ నేలలోనే మొలిచింది.

మనకు ఇది మిగతావాళ్లకంటే ఎక్కువ నష్టం. కారణం చెబుతాం. కొన్ని కరపత్రాల మీద కొమురం భీం బొమ్మ వేసి ‘జల్ జంగల్ జమీన్’ అని అచ్చు వేశారు. మరికొన్నిటి మీద సేవాలాల్ మహరాజ్ బొమ్మ ఉంది. బొమ్మలకు మాకు అభ్యంతరం లేదు. అయితే 1940లో జోడేఘాట్‌లో భీం చనిపోయిన తరువాత ఆదిలాబాద్ అడవుల్లో వచ్చిన రక్షణలు మన ఎల్లారెడ్డిపేటకు రాలేదు. మన జిల్లా రాజ్యాంగం ఐదో షెడ్యూలు కింది ప్రాంతం కాదు. ఐటీడీఏ లేదు. గిరిజనేతరులకు భూమి బదలాయింపును ఆపే 1/70 ఇక్కడ వర్తించదు. గ్రామసభకు ప్రత్యేక అధికారాలిచ్చిన 1996 నాటి పెసా చట్టమూ వర్తించదు. ఉట్నూరులో, ఏటూరునాగారంలో ఉన్నవాళ్లకు గ్రామసభ చుట్టూ ఒక కంచె ఉంది. అది ఎంత బలంగా ఉందనేది వేరే చర్చ. మనకు ఆ కంచె కూడా లేదు.

మనకు ఉన్నవి మూడే. 2018 పంచాయతీరాజ్ చట్టంలోని మామూలు గ్రామసభ ఒకటి. షెడ్యూలు ఉన్నా లేకున్నా దేశమంతా వర్తించే 2006 అటవీ హక్కుల చట్టం రెండోది. ఎస్సీ, ఎస్టీ ప్రత్యేక అభివృద్ధి నిధి కోసం రాష్ట్రం 2017లో చేసిన చట్టం మూడోది. మూడింట్లో మొదటి రెండూ గ్రామసభ నుంచే కదులుతాయి. పోడు హక్కు దరఖాస్తును మొదట పరిశీలించేది అటవీ హక్కుల కమిటీ. దాన్ని ఎన్నుకునేది గ్రామసభ. 10 నుంచి 15 మంది సభ్యులు, వారిలో మూడింట రెండు వంతులు గిరిజనులు, మూడో వంతుకు తగ్గకుండా ఆడవాళ్లు ఉండాలి. 2023 జూన్ 30న ఆసిఫాబాద్‌లో మొదలుపెట్టి రాష్ట్రంలో సుమారు లక్షన్నర మందికి నాలుగు లక్షల ఎకరాలకు పైగా పోడు పట్టాలు పంచారు. ఆ పంపిణీ అప్పుడు పట్టా రానివాళ్లు చేయాల్సింది ఇప్పించేవాడి కోసం వెతకడం కాదు, తమ ఊరి కమిటీలో ఎవరెవరున్నారో, తమ దరఖాస్తు మీద ఆ కమిటీ ఏం రాసిందో తీర్మానాల పుస్తకంలో చూడటం. వీర్నపల్లి వైపు అడవి అంచు తండాల్లో పోటీ చేసిన అభ్యర్థి ‘పోడు పట్టాలు ఇప్పిస్తాను’ అని రాసే బదులు ‘అటవీ హక్కుల కమిటీని మళ్లీ కూర్చోబెడతాం’ అని రాసి ఉంటే ఆ కరపత్రాన్ని మేము బడి గోడకు అతికించుకునేవాళ్లం.

500 జనాభా దాటిన తండాలను, గూడేలను పంచాయతీలు చేయడం మంచి పని. దానికోసం ఏళ్ల తరబడి అడిగాం, 2018లో వచ్చింది. 2019 జనవరిలో మొదటిసారి మన తండాల్లో మన సర్పంచులు కూర్చున్నారు. పూర్తిగా గిరిజనులే ఉన్న పంచాయతీల్లో పదవి గిరిజనులకే. ఇంతవరకు సంతోషమే. కానీ తండా పంచాయతీ అయినంత మాత్రాన తండా పాలించుకున్నట్టు కాదు. పెద్ద ఊరి దొర భాషను మన సర్పంచ్ అరువు తెచ్చుకుంటే పేరొక్కటే మారుతుంది. పెద్ద పంచాయతీల్లో ఒక మూలన పది పన్నెండు ఇండ్లుగా ఉన్న నాయకపోడు, ఎరుకల కుటుంబాల సంగతి ఇంకా అన్యాయం. వాళ్లకు ఉంటే ఒక వార్డు ఉంటుంది, లేకపోతే అదీ లేదు. సర్పంచ్ అభ్యర్థి కరపత్రంలో వాళ్ల వాడ పేరు రాదు, వాళ్ల ఓట్లతో గెలుపు తేలదు కాబట్టి.

మన పాత పద్ధతుల గురించి కూడా రెండు మాటలు. లంబాడా తండాలో నాయక్, కారోబారి ఉండేవారు. గోండు గూడెంలో పట్లా ఉండేవాడు. తగవు వస్తే అందరూ కూర్చుని, తేలేదాకా మాట్లాడేవారు. రాత్రి తెల్లవార్లూ సాగినా సరే, మాట తేలకుండా లేచేవారు కాదు. అది గ్రామసభకు దగ్గర రూపం. అయితే దాన్ని బంగారు కాలంగా చెప్పే వ్యాసాలతో మేము ఏకీభవించం. ఆ కూర్చోవడంలో ఆడవాళ్లకు చోటు లేదు. నాయక్ కొడుకే నాయక్ అయ్యాడు. ఇప్పుడు చట్టం సగం సీట్లు ఆడవాళ్లకు ఇచ్చింది. కరపత్రం ఏం చేసింది? అభ్యర్థి భార్య, బొమ్మ భర్తది. కొన్నిటిలో ఆమె బొమ్మ తపాలా బిళ్లంత, ఆయన బొమ్మ అరచేయంత. ఆమె పేరు పక్కన ఆయన పేరు, ఆయన ఫోన్ నంబరు. ‘నేను ఇప్పిస్తాను’లో నేను ఎవరు? పోటీ చేసిన ఆమె కాదు. కర్త ఒకరు, క్రియ ఒకరిది.

భాష సంగతి చూడండి. ప్రచారం ఆటోల్లో, డీజేల్లో పాటలు లంబాడీలో మోగాయి. బాగున్నాయి, పిల్లలు చిందులేశారు. హామీల దగ్గరికి వచ్చేసరికి మాత్రం ‘సమగ్రాభివృద్ధి దిశగా పయనింపజేస్తాను’ వంటి తెలుగు. ఆ మాట ఎవరి నోట్లోనిదీ కాదు, మన ఊరి తెలుగు కూడా కాదు, ప్రింటింగ్ ప్రెస్సులో ముందే ఉన్న మాట. ఊపడానికి మన భాష, ఒప్పించడానికి పరాయి భాష. ‘మోరీ ఎప్పుడు తీయిస్తరు’ అని లంబాడీలో అడిగిన ముసలమ్మకు లంబాడీలోనే జవాబు రాసిన కరపత్రం వచ్చిన రోజు ఈ వ్యాసం తిరగ రాస్తాం.

పంచాయతీ ఎన్నికలు పార్టీ గుర్తుల మీద జరగవు. ఉంగరం, కత్తెర, బ్యాటు వంటి గుర్తులు ఇస్తారు. అయినా కరపత్రం పైవరుసలో పార్టీ నాయకుల బొమ్మలు, కండువా రంగులు. దీన్ని పెద్దగా తప్పుపట్టం. పార్టీ ఉండటం నేరం కాదు, దాచడంలో అర్థం లేదు. మా బాధ వేరు. పైవరుసలో ఉన్న బొమ్మల సంఖ్య పెరిగినకొద్దీ కింద ఊరి గురించి రాసే జాగా తగ్గిపోతోంది.

జగిత్యాల, కోరుట్ల వైపు, ఇంకా పైన నిజామాబాద్, నిర్మల్ వైపు పనిచేసే మా మిత్రులు వేరే మాట చెబుతారు. అక్కడ కరపత్రం కంటే గ్రామాభివృద్ధి కమిటీ గట్టిది. వీడీసీ అంటారు. ఏ చట్టంలోనూ లేని కమిటీ. కల్లు దుకాణాలు, కిరాణా కొట్లు వేలం వేస్తుంది, జరిమానాలు వేస్తుంది, ఎదురు తిరిగిన కుటుంబాన్ని, కులాన్ని వెలి వేస్తుంది. ఆ సొమ్ముతో గుడి కడుతుంది, బడికి గోడ కూడా కడుతుంది. గోడ కట్టింది కాబట్టి మంచిదేనని వాదించే ఉపాధ్యాయులూ ఉన్నారు. మేము ఒప్పుకోం. ఓటు వేయించుకోని కమిటీ కట్టిన గోడకు లెక్క అడగలేం. సర్పంచ్ పదవిని వేలం పాడి ‘ఏకగ్రీవం’ అని చాటింపు వేసే ఊళ్లను కూడా ఈ ఎన్నికల్లో వార్తల్లో చూశాం. గుడికి ఇన్ని లక్షలు ఇచ్చినవాడికి పదవి. వేలంలో పాట పాడలేని పేద గిరిజనుడికి రిజర్వేషన్ ఉండి ఏం లాభం? ఎవరో పెద్ద ఆసామి అతని పేరు మీద పాట పాడతాడు, ఐదేళ్లూ అతనే నడిపిస్తాడు. కరపత్రంలో కనీసం అబద్ధమైనా ఉంటుంది, దాన్ని పట్టుకుని అడగొచ్చు. వేలంలో అదీ లేదు.

ఇదే నేల మీద ఒకప్పుడు మరో రకం కరపత్రాలు తిరిగాయి. 1978లో జగిత్యాల, సిరిసిల్ల తాలూకాల్లో వెట్టికి, దొరల పెత్తనానికి ఎదురుగా జనం లేచారు. ఆ ఏడాది సెప్టెంబరులో జగిత్యాల జైత్రయాత్ర, అక్టోబరులో ఈ రెండు తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించడం పెద్దవాళ్లకు గుర్తే. ఆ రాజకీయాలన్నిటితో ఏకీభవించాల్సిన పని లేదు. మా కన్ను క్రియల మీదే. అప్పుడు జనం మాట ‘మాకు రావాలె’. కర్త మేము, క్రియ హక్కుది. ఇప్పటి మాట ‘నేను ఇప్పిస్తాను’. ఈ రెంటి నడుమ ఒక తరం పోయింది.

అట్లాగని వేరే దారి లేదనలేం. వరంగల్ జిల్లా గీసుగొండ మండలంలోని గంగదేవిపల్లి గిరిజన గ్రామం కాదు, మామూలు చిన్న ఊరు. అక్కడ నీళ్లకు ఒక కమిటీ, బడికి ఒక కమిటీ, ఇట్లా పనికొక కమిటీ వేసుకుని ఇంటింటినీ పనిలోకి తెచ్చారు. సర్పంచ్ ఒక్కడి పేరుతో ఆ ఊరి కథ చెప్పలేం. ప్రాణహిత దాటితే గడ్చిరోలి జిల్లాలో మెండా (లేఖా) అనే గోండుల ఊరుంది. 2009లో సుమారు 1,800 హెక్టార్ల అడవి మీద సామూహిక హక్కు పత్రం తెచ్చుకుంది. తరువాత గ్రామసభే తన వెదురును అమ్ముకుంది. చిన్న ఊరు. అందరూ ఒప్పుకునేదాకా మాట్లాడటం వాళ్ల పద్ధతి. ఒడిశాలో నియమగిరి కొండ మీద 2013లో 12 పల్లె సభలు గని వద్దన్నాయి, గని ఆగింది. ఇక్కడెక్కడా కర్త ‘నేను’ కాదు. మెండా, నియమగిరి ఐదో షెడ్యూలు ప్రాంతాలు కదా అంటారు. నిజమే. గంగదేవిపల్లి కాదు కదా.

ఇంత రాసి అభ్యర్థులందరినీ ఒక గాటన కట్టడం న్యాయం కాదు. ఒక వార్డు సభ్యుడి కరపత్రం మాకు నచ్చింది. అరపేజీ కాగితం, పెద్ద బొమ్మలు లేవు. తన వార్డులో ఏ ఇంటి ముందు మోరీ నిలిచిపోయిందో, ఏ స్తంభానికి దీపం లేదో, బోరు మోటారు ఎన్నిసార్లు కాలిపోయిందో రాశాడు. ‘వీటి గురించి ప్రతి గ్రామసభలో’ అని కాకపోయినా ‘ప్రతి మీటింగులో అడుగుతా’ అన్నాడు. అడుగుతా! మొత్తం కట్టలో మాకు దొరికిన మంచి క్రియ అదొక్కటే. వార్డు సభ్యుడికి చెక్కు పవరు లేదు, జీతం లేదు, కాబట్టి అబద్ధమాడే అవసరమూ తక్కువేమో. మన యువకులు అందరూ సర్పంచ్ సీటు వైపే చూస్తున్నారు. వార్డు సీటులో కూర్చుని ఐదేళ్లు అడగడం నేర్చుకోవడం తక్కువ పనేం కాదని మా అభిప్రాయం.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక మాట. తొమ్మిది, పది తరగతుల్లో స్థానిక సంస్థల పాఠం చెప్పేటప్పుడు 73వ సవరణ, 29 అంశాలు, మూడంచెల వ్యవస్థ అని నోట్సు రాయించి వదిలేస్తున్నాం. పిల్లల ఇండ్లలో ఆ కరపత్రాలు ఇంకా ఉన్నాయి. తెమ్మని చెప్పండి. ఒక్కో హామీ పక్కన పంచాయతీ పని, మండలం పని, ప్రభుత్వం పని అని పిల్లలతోనే రాయించండి. ఓడినవాళ్లవి, గెలిచినవాళ్లవి కలిపి ఇవ్వండి, అభ్యర్థి పేరు మీద కాగితం అతికించి ఇవ్వండి, అప్పుడు ఎవరూ నొచ్చుకోరు. ఈ-గ్రామస్వరాజ్‌లో మీ ఊరి పంచాయతీ పేరు కొడితే వచ్చిన నిధులు, పెట్టిన ఖర్చులు కనిపిస్తాయి. దానికి ఫోను, కాస్త ఓపిక చాలు. పదో తరగతి పిల్ల ఒక మోరీ బిల్లును చదివి, బయటికి వచ్చి ఆ మోరీని వెతికి చూస్తే అంతకంటే మంచి సాంఘిక శాస్త్రం ప్రాక్టికల్ ఉండదు.

2025 డిసెంబరు 11, 14, 17 తేదీల్లో మూడు విడతల ఓటింగు ముగిసింది, ఆ నెలలోనే కొత్త పాలకవర్గాలు ప్రమాణం చేశాయి. రెండు నెలలకొక గ్రామసభ అంటే ఏడాదికి ఆరు, ఐదేళ్లకు 30. మీ తండాలో మొదటిది ఏ తేదీన జరిగింది, ఎంతమంది కూర్చున్నారు, ఆడవాళ్లు ఎంతమంది మాట్లాడారు, తీర్మానాల పుస్తకంలో ఏం రాశారు అన్నది చూసి వచ్చి ఎవరైనా నాలుగు పేజీలు రాస్తే ఈ సంకలనం తరువాతి సంచికలో దానికి చోటు అడుగుతాం. జరగని సభకు సంతకాలు పెట్టించుకున్నారని తేలితే అదీ రాయండి. తేదీతో సహా.